నెట్ రాసి జేఆర్‌ఎఫ్ కోసం ఎదురుచూస్తున్నారా? ఫలితం వచ్చేలోపు చేయాల్సిన పనులు

పరీక్ష రాసేశారు. ఫలితం ఎప్పుడో ఎవరూ చెప్పడం లేదు. పొద్దున లేవగానే పరీక్ష పెట్టే సంస్థ ఎన్‌టీఏ సైట్, మధ్యాహ్నం టెలిగ్రామ్ గ్రూపు, పడుకునే ముందు మళ్లీ సైట్. ఇంట్లో ఎవరైనా "ఏమైంది నీ రిజల్ట్?" అంటే చాలు, కోపం ముంచుకొస్తుంది. అధ్యాపక, పరిశోధన అర్హతలకు జరిగే యూజీసీ నెట్ గానీ, సైన్స్ సబ్జెక్టులకు జరిగే సీఎస్‌ఐఆర్ నెట్ గానీ రాసి, పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) మీద ఆశ పెట్టుకున్నవాళ్లందరికీ ఈ రోజులు తెలుసు. ఈ టెన్షన్ ఊరికే వచ్చింది కాదు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు. రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) అయితే 42,000. ఇంటి అద్దె భత్యం అదనం. ఇంట్లో చెయ్యి చాచకుండా ఐదేళ్లు చదువుకోవచ్చు. ఇంటర్ దాటి చదివిన మొదటి మనిషి మీరే అయిన ఇంట్లో ఇది చాలా పెద్ద విషయం.

అయితే ఆ ఫలితం తేల్చేది మీ పరిశోధనకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది మాత్రమే. దేని మీద పరిశోధన చేస్తారు, ఎవరి దగ్గర చేస్తారు, ఏ యూనివర్సిటీలో చేరతారు అన్నవి మీ చేతిలో ఉన్నాయి. వాటి గడువులు ఫలితం కోసం ఆగవు. కాబట్టి ఎదురుచూసే రోజుల్ని ఇలా వాడుకోండి.

1. ఫలితం ఏ దారిలో వస్తుందో ముందు తెలుసుకోండి

పరీక్ష ముగిశాక ఎన్‌టీఏ మొదట ప్రొవిజనల్ కీ, అంటే సరైన జవాబుల తాత్కాలిక జాబితా, పెడుతుంది. దాంతోపాటు మీరు గుర్తించిన జవాబుల రెస్పాన్స్ షీట్ కూడా ఇస్తుంది. తర్వాత కొద్ది రోజులు అభ్యంతరాలు తీసుకుంటారు. సబ్జెక్టు నిపుణులు వాటిని పరిశీలించాక ఫైనల్ కీ తయారవుతుంది. స్కోర్‌కార్డులు, కటాఫ్‌లు దాని ప్రకారమే వస్తాయి. సర్టిఫికెట్, జేఆర్‌ఎఫ్ అవార్డు లెటర్ ఆ తర్వాత విడిగా వస్తాయి.

ఇది గుర్తుంటే సగం ఆందోళన తగ్గుతుంది. ప్రొవిజనల్ కీ ఇంకా రాలేదంటే రేపు రిజల్ట్ వచ్చే ప్రసక్తే లేదు. ఆ రోజుల్లో గంటకోసారి సైట్ తెరవాల్సిన అవసరం లేదు.

అనుకున్న తేదీ దాటిపోయినా అది మీ ఒక్కరి సమస్య కాదు. 2023 డిసెంబర్ యూజీసీ నెట్ అప్పుడు మిచాంగ్ తుపాను వచ్చింది. చెన్నైలో, ఆంధ్రప్రదేశ్‌లో పరీక్ష రాయలేకపోయినవాళ్లకు మళ్లీ పెట్టాల్సి వచ్చింది. దాంతో 2024 జనవరి 10న రావాల్సిన ఫలితం 17కు జరిగింది, చివరికి ఆ తేదీ కూడా దాటాకే వచ్చింది. ఆ ఏడాది జూన్‌లో పరిస్థితి ఇంకా కష్టం. జూన్ 18న 9 లక్షల మందికి పైగా రాసిన పరీక్షను మర్నాడే రద్దు చేశారు. ఆ తర్వాత రెండు రోజులకే సీఎస్‌ఐఆర్ నెట్ కూడా వాయిదా పడింది. యూజీసీ నెట్ ఆగస్టు, సెప్టెంబర్‌లలో మళ్లీ జరిగి, ఫలితం అక్టోబర్ 17న వచ్చింది. ఆ నాలుగు నెలలూ నిలబడినవాళ్లు ఎందరో ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తున్నారు. ఆలస్యం అవుతోందంటే మీ పేపర్‌లో ఏదో తేడా ఉందని కాదు.

2. కీ వచ్చిన రోజు

మొదటి పని, ప్రశ్నపత్రం, రెస్పాన్స్ షీట్, కీ మూడూ డౌన్‌లోడ్ చేసి మీ మెయిల్‌కు పంపుకోండి. ఆ లింకులు ఎల్లకాలం ఉండవు. తర్వాత ఒక కాగితం మీద మీరే లెక్క వేసుకోండి. యూజీసీ నెట్‌లో నెగటివ్ మార్కులు లేవు, 150 ప్రశ్నలకు 300 మార్కులు, లెక్క తేలిక. సీఎస్‌ఐఆర్‌లో జాగ్రత్తగా చూడాలి. మొత్తం 200 మార్కులు, మామూలుగా తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో పావు వంతు పోతుంది, ఎర్త్ సైన్సెస్ పార్ట్ సీలో అయితే 33 శాతం. మ్యాథమెటికల్ సైన్సెస్ వాళ్లకు పార్ట్ సీలో మాత్రం ఆ కోత లేదు.

కీ తప్పు అనిపిస్తే అభ్యంతరం పెట్టండి. ప్రశ్నకు 200 రూపాయలు కట్టాలి, ఆ డబ్బు తిరిగి రాదు. అందుకే ప్రామాణికమైన పాఠ్యపుస్తకం పేజీనో, పరిశోధన పత్రమో చూపించగలిగిన ప్రశ్నలకే పెట్టండి. యూట్యూబ్‌లో ఒక సార్ చెప్పారన్నది ఆధారం కాదు. మీతో రాసిన మిత్రులుంటే ప్రశ్నలు పంచుకోండి, ఒకే ప్రశ్నకు అందరూ డబ్బు కట్టే అవసరం ఉండదు. ఒకరు గట్టి ఆధారంతో పెడితే, కీ మారినప్పుడు ఆ మార్పు అందరికీ వర్తిస్తుంది.

మార్కులు తేలాక "ఎక్స్‌పెక్టెడ్ కటాఫ్" వీడియోల జోలికి వెళ్లకండి. నేను ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే వాటి వల్ల అనవసరంగా ఏడ్చినవాళ్లనూ చూశాను, అనవసరంగా స్వీట్లు పంచినవాళ్లనూ చూశాను. యూజీసీ నెట్‌లో రెండు పేపర్లూ రాసి కనీస మార్కులు తెచ్చుకున్నవాళ్లలోంచి, హాజరైనవాళ్ల సంఖ్యలో 6 శాతం మందిని అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు తీసుకుంటారు. ఆ స్థానాలను సబ్జెక్టు వారీగా, కేటగిరీ వారీగా పంచుతారు. జేఆర్‌ఎఫ్ అందులో ఇంకా తక్కువ మందికి. పరీక్ష పలు షిఫ్టుల్లో జరిగిన సబ్జెక్టుకు మార్కుల్ని పర్సెంటైల్‌గా మారుస్తారు. మీ సబ్జెక్టులో ఎందరు రాశారు, ఏ షిఫ్టు ఎంత కష్టంగా వచ్చింది అన్న లెక్కలు ఎన్‌టీఏ దగ్గర ఉంటాయి గానీ వీడియో చేసే మనిషి దగ్గర ఉండవు. గడిచిన రెండు మూడు సార్ల కటాఫ్‌లు మీ సబ్జెక్టుకు, మీ కేటగిరీకి ఎంతో ఎన్‌టీఏ పీడీఎఫ్‌లోనే ఒకసారి చూసుకోండి. దానికంటే మంచి అంచనా దొరకదు.

3. సైట్ చూడడానికి వేళ పెట్టుకోండి

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చాలు. ఫలితం గంట ముందు చూసినా గంట తర్వాత చూసినా మారదు. రిజల్ట్ వచ్చిన మొదటి గంటలో సైట్ తెరుచుకోకపోవడం మామూలే, అప్పుడు కంగారుపడి ఎవరో పంపిన లింకు నొక్కొద్దు. అప్లికేషన్ నంబరు, పుట్టిన తేదీ, పాస్‌వర్డు ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి.

వాట్సాప్‌లో వచ్చే "రిజల్ట్ లీక్" పీడీఎఫ్‌లను నమ్మకండి. డబ్బిస్తే మార్కులు పెంచుతామనీ, లిస్టులో పేరు చేరుస్తామనీ ఫోన్లు కూడా వస్తాయి. సరిగ్గా ఈ రోజుల్లోనే వస్తాయి, ఎందుకంటే మీరు ఎంత ఆత్రంగా ఉన్నారో వాళ్లకు తెలుసు. ఒక్క రూపాయి పంపొద్దు. పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

4. కాగితాలు సిద్ధం చేసుకోండి

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సిన పని ఇది. నెట్ పాసై, సర్టిఫికెట్ సరిగా లేక అడ్మిషన్ దగ్గర ఇబ్బందిపడడం కంటే బాధాకరమైంది ఇంకోటి లేదు. మన రెండు రాష్ట్రాల్లో ఈ ఇబ్బంది ఎక్కువగా బీసీ విద్యార్థులకు ఎదురవుతుంది.

మీ దగ్గర ఉన్నది బీసీ ఏ, బీసీ బీ, బీసీ డీ అని రాసిన రాష్ట్ర కుల ధ్రువీకరణ పత్రమైతే అది ఇక్కడ సరిపోదు. నెట్‌కు, కేంద్రీయ యూనివర్సిటీలకు కావాల్సింది కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉన్న ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణి కానివాళ్ల) సర్టిఫికెట్. ముందు మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. రాష్ట్ర జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు. ఉంటే తెలంగాణలో మీసేవ ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయం ద్వారా దరఖాస్తు పెట్టండి. తహసీల్దార్ కార్యాలయం నుంచి పత్రం రావడానికి రోజులు పట్టొచ్చు, విచారణకు వీఆర్వోనో ఆర్‌ఐనో కలవాల్సి రావొచ్చు. ఆదాయ పరిమితి 8 లక్షలు అనగానే "నాన్నకు జీతం ఉంది, మాకు రాదు" అని చాలామంది ఆగిపోతారు. ఓబీసీ నాన్ క్రీమీలేయర్ లెక్కలో జీతాన్నీ, వ్యవసాయ ఆదాయాన్నీ కలపరు. తల్లిదండ్రులు ఏ స్థాయి ఉద్యోగంలో ఉన్నారన్నది మాత్రం విడిగా చూస్తారు. ఈ రూలు కాగితం వెంట తీసుకెళ్లండి, కౌంటర్ దగ్గర మాట్లాడడానికి పనికొస్తుంది.

ఈడబ్ల్యూఎస్ వాళ్లకు లెక్క వేరు. అక్కడ కూడా పరిమితి 8 లక్షలే, కానీ జీతం, వ్యవసాయం, వ్యాపారం అన్నీ కలుస్తాయి. కుటుంబానికి ఐదెకరాలు, ఆపైన సాగుభూమి ఉంటే ఆదాయంతో నిమిత్తం లేకుండా అర్హత ఉండదు. సర్టిఫికెట్ ఏ ఆర్థిక సంవత్సరానిదో చూసుకోండి. పాతది పెడితే తిప్పి పంపుతారు.

పీజీ ఆఖరి సంవత్సరంలో ఉండి నెట్ రాసినవాళ్లు ఫలితం వచ్చిన తేదీ నుంచి రెండేళ్లలోపు పీజీ పూర్తిచేసి, కావాల్సిన శాతం చూపించాలి. యూజీసీ నెట్‌కు జనరల్, ఈడబ్ల్యూఎస్ అయితే 55, ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులైతే 50. బ్యాక్‌లాగ్ ఏదైనా ఉంటే దాని తేదీ ఈ లెక్కలోనే చూసుకోండి. ప్రొవిజనల్ సర్టిఫికెట్, మార్కుల మెమోలు, టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్ ఇప్పుడే తీసుకుని పెట్టుకోండి. మైగ్రేషన్ కోసం పరీక్షల విభాగం చుట్టూ తిరగడం అడ్మిషన్ వారంలో చేసే పని కాదు. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, పీజీ మెమోలో పేరు ఒకేలా ఉందా? ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉండడం మనవాళ్లకు మామూలే. దాని వల్ల తర్వాత ఫెలోషిప్ ఖాతా దగ్గర చిక్కులొస్తాయి. ఆధార్ లింకైన బ్యాంకు ఖాతా మీ పేరుతోనే ఉండాలి.

5. ఫలితం కోసం ఆగకుండా ప్రపోజల్ రాయండి

2024 జూన్ నుంచి నెట్ ఫలితం మూడు రకాలుగా వస్తోంది. జేఆర్‌ఎఫ్‌తో పాటు అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత మొదటిది. జేఆర్‌ఎఫ్ లేకుండా అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ అడ్మిషన్ రెండోది. పీహెచ్‌డీ అడ్మిషన్‌కు మాత్రమే పనికొచ్చేది మూడోది. జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్లను ఇంటర్వ్యూతో తీసుకుంటారు. మిగతా రెండు రకాలవాళ్లకు నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం. అడ్మిషన్ కోసం ఆ మార్కులు ఏడాది మాత్రమే చెల్లుతాయి. ఏ రకం వచ్చినా ఇంటర్వ్యూ తప్పదు, అందులో అడిగేది మీ పరిశోధన ఆలోచన గురించే. హెచ్‌సీయూ, ఇఫ్లూ, ఉస్మానియా, ఆంధ్రా, శ్రీవేంకటేశ్వర, ఏ యూనివర్సిటీ నోటిఫికేషన్ ఎప్పుడొచ్చినా మీ ప్రపోజల్ సిద్ధంగా ఉండాలి.

రెండు పేజీలు చాలు. కష్టమంతా అంశాన్ని ఇరుకు చేయడంలో ఉంది. "తెలంగాణ చేనేత రంగం, సమస్యలు" అని రాస్తే ప్యానెల్‌లో ఎవరూ రెండో పేజీ తిప్పరు. పోచంపల్లి చీరకు రంగులద్దే ముందు నూలును ఆసు పోయాలి, అంటే మేకుల చుట్టూ దారం చుట్టాలి, తరతరాలుగా ఆ పని ఇంట్లో ఆడవాళ్లదే. చేయి అటూ ఇటూ వేల సార్లు తిప్పాలి, భుజాలు పడిపోతాయి. చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశాక ఆ శ్రమ తగ్గింది. మరి మిగిలిన ఆ గంటలు ఎటు పోయాయి? ఆ ఇళ్లలో ఆడవాళ్ల సంపాదన పెరిగిందా, వేరే పని వచ్చిపడిందా? ఇలా అడిగితే అది ప్రశ్న. ఊరు తెలుసు, ఎవరిని అడగాలో తెలుసు, ఎంత కాలం పడుతుందో చెప్పగలరు. మీ సబ్జెక్టు ఏదైనా ఇంత దగ్గరగా చూడండి. మీ ఊళ్లో మీకు తెలిసిన విషయమే మంచి అంశం కావొచ్చు, దాన్ని చిన్నచూపు చూడొద్దు.

సైన్స్ వాళ్లకు దారి కొంచెం వేరు. సీసీఎంబీ, ఐఐసీటీ, ఐసర్ తిరుపతి లాంటి పరిశోధన సంస్థల్లో మీరు చేరేది ఒక ల్యాబ్‌లో. నచ్చిన ల్యాబ్ నుంచి ఈమధ్య వచ్చిన రెండు పరిశోధన పత్రాలు తీసుకుని పూర్తిగా చదవండి. ఒక్కో బొమ్మ దగ్గర ఆగి, ఈ ప్రయోగం ఎందుకు చేశారు, ఇది తప్పని తేలితే ఏమవుతుంది అని రాసుకోండి. ఇంటర్వ్యూలో ఇంతకంటే పనికొచ్చే ప్రిపరేషన్ నాకు తెలియదు.

గైడ్ విషయం కూడా ఇప్పుడే చూడండి. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర 6, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర 4 మంది స్కాలర్లే ఉండాలి. మీరు కోరుకునే మేడమ్ దగ్గర ఖాళీ ఉందో లేదో అక్కడి స్కాలర్లను అడిగితే చెప్తారు. తర్వాత ఆమెకు చిన్న మెయిల్ రాయండి. మీరెవరు, ఆమె రాసిన దేన్ని చదివారు, మీ ప్రశ్న ఏమిటి, నెట్ ఫలితం కోసం చూస్తున్నారన్న మాట. అంతే, పది వాక్యాలు. "రెస్పెక్టెడ్ సర్/మేడమ్" అని ముప్పై మందికి ఒకే మెయిల్ పంపితే వాళ్లకు చూడగానే తెలిసిపోతుంది. వారం పది రోజులు జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి, తప్పులేదు.

6. ఇంట్లో మాట్లాడండి, డబ్బు లెక్క వేసుకోండి

ఇంట్లోవాళ్లు అడుగుతున్నది ప్రేమతోనే, కానీ రోజూ అడిగితే భరించడం కష్టం. ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి. "అమ్మా, వచ్చిన రోజు ముందు నీకే చెప్తాను. అప్పటిదాకా అడగొద్దు, రాలేదంటే రాలేదనే" అంటే అర్థం చేసుకుంటారు. నెట్ అంటే ఉద్యోగ పరీక్ష అనుకునే పెద్దవాళ్లకు ఇది చదువు, దీనికి జీతంలాగా డబ్బిస్తారు అని ఒక్క మాటలో చెప్పి వదిలేయండి. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇంట్లో అమ్మాయిలకు ఈ మాట ఇంకా అవసరం. ఐదేళ్ల ఫెలోషిప్ అంటే ఏమిటో, ఎంత వస్తుందో నాన్నకు కాగితం మీద చూపించండి.

కలిసి రాసిన స్నేహితులతో కూడా ముందే అనుకోండి. ఒకరికి వచ్చి ఒకరికి రాకపోతే ఎలా? రిజల్ట్ రోజు ఫోన్ చేయాలా, మెసేజ్ సరిపోతుందా, రెండు రోజులు వదిలేయాలా? ముందే అడిగి పెట్టుకుంటే ఆ రోజు ఎవరికీ నొప్పి తగలదు.

జేఆర్‌ఎఫ్ వచ్చినా డబ్బు వెంటనే రాదని గుర్తుంచుకోండి. పీహెచ్‌డీలో చేరాలి, జాయినింగ్ రిపోర్టు వెళ్లాలి, యూనివర్సిటీ ధ్రువీకరించాలి. మొదటి విడత చేతికందేసరికి నెలలు పట్టడం మామూలే. చేరిన తేదీ నుంచి బకాయిలు కలిపి ఇస్తారు గానీ, ఈలోపు మెస్ బిల్లు, ఫీజు కట్టాలి. నాలుగైదు నెలల ఖర్చుకు ఇప్పుడే ఏదో ఒకటి చూసుకోండి, ట్యూషన్లయినా, డిగ్రీ కాలేజీలో గెస్ట్ క్లాసులైనా. హాస్టల్‌లో ఉంటే అద్దె భత్యం రాదని కూడా లెక్కలో వేసుకోండి. జేఆర్‌ఎఫ్ రాకుండా కేంద్రీయ యూనివర్సిటీలో పీహెచ్‌డీ సీటు వస్తే నాన్ నెట్ ఫెలోషిప్ నెలకు 8,000. ఈరోజుల్లో అది చాలా తక్కువ, పెంచాలని స్కాలర్లు అడుగుతున్నారు, అడగాలి కూడా.

నిద్ర పట్టకపోతే, తినబుద్ధి కాకపోతే, రిజల్ట్ రాకపోతే బతకడం ఎందుకనే ఆలోచన ఒక్కసారైనా వస్తే దాన్ని లోపల పెట్టుకోవద్దు. దగ్గరున్న మనిషికి చెప్పండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, ఏ వేళైనా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

7. ఫలితం వచ్చిన రోజు

స్కోర్‌కార్డు తెరిచి ముందు మీ పేరు, సబ్జెక్టు, కేటగిరీ సరిగా ఉన్నాయో చూడండి. డౌన్‌లోడ్ చేసి రెండు చోట్ల దాచండి. తర్వాత మూడు రకాల్లో మీది ఏదో చూడండి.

జేఆర్‌ఎఫ్ అయితే, అవార్డు లెటర్ వచ్చాక దాని మీద గడువు ఎంతో చూసి క్యాలెండర్‌లో రాసుకోండి. ఆ గడువులోపు పీహెచ్‌డీలో చేరాలి. మంచి గైడ్ కోసం ఒక సెమిస్టర్ ఆగొచ్చు గానీ గడువు దాటనీయొద్దు.

రెండో రకమైతే మీ అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత జీవితకాలం చెల్లుతుంది. పీహెచ్‌డీ మార్కుల గడువు మాత్రం ఏడాదే కాబట్టి రెండో, మూడో రకం వచ్చినవాళ్లు అడ్మిషన్ నోటిఫికేషన్లు ఒక్కటీ వదలొద్దు. చేరాక కూడా వయసు దాటేదాకా మళ్లీ జేఆర్‌ఎఫ్ రాసుకోవచ్చు. యూజీసీ నెట్‌కు ఆ పరిమితి 30 ఏళ్లు. మహిళలకు, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు ఐదేళ్ల సడలింపు ఉంది.

ఏదీ రాకపోతే ఆ రోజు ఏ నిర్ణయమూ తీసుకోకండి. పుస్తకాలు అమ్మేయడం, గ్రూపుల్లోంచి వెళ్లిపోవడం, ఉద్యోగానికి ఒప్పుకోవడం, ఇవన్నీ వారం తర్వాత. నెట్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. ఏపీసెట్, తెలంగాణ సెట్ లెక్చరర్ అర్హతకు ఉన్నాయి. జేఆర్‌ఎఫ్ లేకుండానే పీహెచ్‌డీలోకి వెళ్లే ప్రవేశ పరీక్షలు రాష్ట్ర యూనివర్సిటీల్లో ఉన్నాయి. వారం గడిచాక, దాచుకున్న రెస్పాన్స్ షీట్ బయటికి తీసి ఏ యూనిట్‌లో ఎన్ని పోయాయో పట్టిక వేయండి. యూజీసీ నెట్ అయితే అందరికీ ఒకటే ఉండే పేపర్ 1లో పోయాయా, సబ్జెక్టులో పోయాయా? సబ్జెక్టులో మంచి పట్టున్నవాళ్లకు కూడా పేపర్ 1లో డేటా ఇంటర్‌ప్రిటేషన్, రీజనింగ్ దగ్గర మార్కులు పోతుంటాయి. అవి రోజుకు గంట సాధనతో తేలిగ్గా తిరిగొచ్చే మార్కులు, తర్వాతి నోటిఫికేషన్ కోసం ఆగకుండా అక్కడి నుంచే మొదలుపెట్టండి.